ముందు కృతజ్ఞతల పేజీ చదవాలి

పోయిన శనివారం తెల్లవారుజామున తణుకు నుంచి బాబాయి, చెల్లి దిగారు. చెల్లి చేతిలో జిప్పు ఉన్న ప్లాస్టిక్ ఫైలు. పదో తరగతి మార్కుల జాబితా మొదలుకొని మొన్నటి నెట్ స్కోరు కార్డు దాకా అందులో తేదీల వరసలో ఉన్నాయి. ఆ వరస బాబాయి పనేనని చూడగానే తెలిసిపోయింది. కాఫీ గ్లాసు అందుకుంటూ ఆయన అడిగిన మొదటి మాట ఇది: "అమ్మాయ్, పీహెచ్‌డీ అంటే చదువా, ఉద్యోగమా?"

"రెండూను, బాబాయ్."

ఆ జవాబు ఆయనకు నచ్చలేదు. ముప్పై ఆరేళ్లు రైసు మిల్లులో పద్దులు రాసిన మనిషి. ఏ రూపాయైనా జమలో ఉండాలి, లేకపోతే ఖర్చులో ఉండాలి. రెండు వైపులా కనబడిందంటే గుమస్తా ఎక్కడో తప్పు చేసినట్టే.

నేను రసాయనశాస్త్రంలో పీహెచ్‌డీ చేశాను. 2011లో చేరి 2017 చివర్లో థీసిస్ సమర్పించాను. చేసింది హైదరాబాదులో కాదు, వేరే రాష్ట్రంలో. ఎక్కడో చెప్పను, ఎందుకంటే కింద కొన్ని ఫిర్యాదులు రాయబోతున్నాను. ఇప్పుడు నాచారంలో ఒక మందుల కంపెనీ పరిశోధన విభాగంలో పని, హబ్సిగూడలో కాపురం. బంధువుల్లో ఎవరి పిల్లలు ఎమ్మెస్సీ గట్టెక్కినా మా ఇంటికి పంపిస్తారు. వచ్చిన వాళ్లందరూ ఏ పరీక్ష రాయాలని అడిగారే గాని, ఇది చదువా ఉద్యోగమా అని అడిగింది బాబాయి ఒక్కరే. నిజానికి అసలు ప్రశ్న అదే.

చెల్లిది ఎమ్మెస్సీ జువాలజీ. పరిశోధనకు, అధ్యాపక ఉద్యోగాలకు అర్హత నిర్ణయించే జాతీయ పరీక్ష సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో లైఫ్ సైన్సెస్ రాసింది. 2024 నుంచి ఆ పరీక్షలో అర్హతను మూడు మెట్లుగా ఇస్తున్నారు. పైమెట్టు జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, అంటే జేఆర్‌ఎఫ్: ఫెలోషిప్, అధ్యాపక అర్హత, పీహెచ్‌డీ ప్రవేశం మూడూ వస్తాయి. రెండో మెట్టులో ఫెలోషిప్ ఉండదు. మూడో మెట్టులో పీహెచ్‌డీ ప్రవేశం ఒక్కటే. చెల్లి రెండో మెట్టు మీద ఆగింది. "కొద్దిలో పోయిందక్కా" అని కాఫీ పూర్తయ్యేలోపు మూడుసార్లు అంది. ఈ కింది రెండు మెట్ల వాళ్లకు విశ్వవిద్యాలయాలు నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం విలువ కట్టి సీటిస్తాయి. ప్రవేశానికి ఆ మార్కులు ఏడాది పాటే చెల్లుతాయి. ఫైలులో అంత పదిలంగా పెట్టుకున్న ఆ కార్డు పాలప్యాకెట్టు లాంటిది, తేదీ దాటితే సీటుకు పనికిరాదు.

"డబ్బు సంగతి చెప్పు" అన్నారు బాబాయి, చొక్కా జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి.

జేఆర్‌ఎఫ్ వచ్చిన వాళ్లకు మొదటి రెండేళ్లు నెలకు 37,000, తరువాత సీనియర్ ఫెలో, అంటే ఎస్ఆర్‌ఎఫ్‌గా మూడేళ్లు 42,000 అన్నాను. 2023 జనవరి నుంచి ఇదీ లెక్క. నేను చేరినప్పుడు 16,000. ఆయన గుణించారు. మొదటి రెండేళ్లకు 8,88,000. తరువాతి మూడేళ్లకు 15,12,000. కలిపితే సరిగ్గా 24,00,000, ఇంటి అద్దె భత్యం కాకుండా. ఇన్నేళ్లు ఈ రంగంలో ఉండి కూడా మొత్తం ఇంత గుండ్రంగా వస్తుందని నేనెప్పుడూ చూసుకోలేదు. బాబాయి ముఖం కాస్త విచ్చుకుంది.

"కానీ మన అమ్మాయికి ఇది రాదు."

"రాదు. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఫెలోషిప్ లేకుండా చేరితే యూజీసీ ఇచ్చేది నెలకు 8,000."

దాన్నీ రాసుకున్నారు గాని గుణించలేదు.

మధ్యదారి ఒకటి ఉంది. ప్రభుత్వ నిధులతో నడిచే ప్రాజెక్టుల్లో జేఆర్‌ఎఫ్ ఉద్యోగాలు ఉంటాయి. నెట్ అర్హత ఉన్నవాళ్లకు అక్కడా అదే 37,000 ఇవ్వవచ్చు. మా కాలంలో సగం మంది ఇలాగే లోపలికి వెళ్లారు. చిక్కేమిటంటే, ప్రాజెక్టు అయిపోతే జీతం అయిపోతుంది, పీహెచ్‌డీ అయిపోదు. అసలు పీహెచ్‌డీకి నమోదు చేయిస్తారో లేదో చేరేముందే అడగాలి. "చూద్దాంలే, ముందు చేరు" అన్న మాట విని చేరి, రెండేళ్లు గాజుసామాను కడిగి బయటికొచ్చిన వాళ్లు నాకు ఇద్దరు తెలుసు.

టిఫిన్ చేసి తార్నాక దాకా ఆటోలో వెళ్లాం. అక్కడి నుంచి ఉప్పల్ వైపు మెట్రోలో ఐదు స్టేషన్లు. ఆ ఐదింటి చుట్టుపక్కల ఉన్నన్ని పరిశోధనశాలలు ఒక్కచోట చూపించాలంటే నాకు ఇంకో రోడ్డు గుర్తుకు రాదు. బాబాయికి కాగితం మీద నమ్మకం తక్కువ. గోడా గేటూ కనబడాలి.

తార్నాకలో దిగగానే ఆయన అన్న మాట: "మా బావమరిది కొడుకు ఎంబీబీఎస్ చేసి రెండేళ్లుగా పీజీ సీటు కోసం గదిలో తలుపేసుకుని చదువుతున్నాడు. డాక్టర్లకు ఈ గొడవ ఉండదు కదా?" ఉండదనుకుంటారు అందరూ. ఎంబీబీఎస్ చదివిన వాళ్లు కూడా నెట్ లైఫ్ సైన్సెస్ రాయవచ్చని ఆ పిల్లలకు ఎవరూ చెప్పరు. వైద్య పరిశోధనకు భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్ ఇచ్చే జేఆర్‌ఎఫ్ కూడా ఉంది. ఆ ఐసీఎంఆర్ సంస్థే మేం నిలబడ్డ చోటికి దగ్గర్లో, జామై ఉస్మానియాలో ఉంది: జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద విచారణకు పెట్టిన చిన్న విభాగం అది. 1958లో హైదరాబాదు వచ్చింది. జొన్నన్నం తినే దక్కన్ పల్లెల్లో చర్మం పొలుసులుగా ఊడిపోయే పెల్లాగ్రా ఎందుకు వస్తోందని తవ్వి, జొన్నలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని అనుమానించింది సి. గోపాలన్ బృందం. రోగి మంచం దగ్గర మొదలైన ప్రశ్న జొన్నగింజ దాకా వెళ్లింది. అలాంటి పనికి డాక్టరు చదువు అడ్డం కాదు, ఆస్తి.

"మా భీమవరం సుబ్బారావు గారు కూడా ముందు డాక్టరే కదా" అన్నారు బాబాయి. అవును. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో 1930లో పీహెచ్‌డీ తీసుకున్నారు యల్లాప్రగడ సుబ్బారావు. అంతకు ఐదేళ్ల ముందే ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ఇచ్చారు. మాలిబ్డేటు, ఆపైన మరో రసాయనం కలిపితే ద్రావణం నీలంగా మారుతుంది, నీలం ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత. ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో ఆ నీలం చూసి "ఇది మన పక్క ఊరి రంగు" అని నేను గర్వపడితే, మా పంజాబీ స్నేహితురాలు నోరు తెరిచి చూసింది.

తార్నాక, హబ్సిగూడల మధ్య భారత రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీ. హైదరాబాదు సంస్థానంలో 1944లో పెట్టిన ప్రయోగశాల నుంచి పెరిగింది. 1985 నుంచి పదేళ్లు దానికి సంచాలకులుగా ఉన్న ఏ.వి. రామారావు గారు తరువాత నాచారంలో సొంత ప్రయోగశాల పెట్టుకున్నారు. ఈ గేటులోంచి పీహెచ్‌డీలతో బయటికొచ్చిన వాళ్లు లేకపోతే మా నాచారం, జీడిమెట్ల కంపెనీల్లో పరిశోధన విభాగాలు సగం ఖాళీగా ఉంటాయి. "అయితే తరువాత ఉద్యోగం ఉందన్నమాట" అన్నారు బాబాయి. ఆర్గానిక్ కెమిస్ట్రీకి ఈ ఊళ్లో ఉంది. జువాలజీకి ఇంత తేలిక కాదని కూడా చెప్పాను. చెల్లి ముఖం చూసి నొచ్చుకున్నాను గాని, దాచి ఏం లాభం?

ఇంతకూ లోపల ఏం చేస్తారని అడిగారు. నా ఆరేళ్లు ఎలా గడిచాయో చెప్పాను. నిలువెత్తు గాజు గొట్టంలో తెల్లటి సిలికా పొడి పోస్తాం. మన రసాయన చర్యలో వచ్చిన గోధుమరంగు జిగురును దాని నెత్తిన పెడతాం. పైనుంచి హెక్సేన్, ఇథైల్ ఎసిటేటు కలిపి పోస్తూ, కింద బొట్టుబొట్టుగా కారేదాన్ని పరీక్ష నాళికల్లో పడతాం. నూట ఇరవై నాళికలు, ఒక్కోదాని మీద అంకె. వేలెడంత పలక మీద ఒక్కో నాళికలోంచి ఒక్కో చుక్క పెట్టి అతినీలలోహిత దీపం కింద చూస్తే, మనకు కావలసిన పదార్థం ఏ నాళికల్లో దిగిందో నల్లటి మచ్చలుగా తెలుస్తుంది. ఆరు గంటలు నిలబడితే చివరికి చేతికొచ్చేది గోరు మీద పట్టేంత. ఒక్కోసారి అదీ కాదు. నా మొదటి పద్నాలుగు నెలల్లో ఆ మచ్చ ఒక్కసారి కూడా రావలసిన చోట రాలేదు. ఓపిక ఉందా అని పిల్లలను అడిగితే అందరూ ఉందనే అంటారు. నేను కాళ్లు నొప్పెడతాయా అని అడుగుతాను.

హబ్సిగూడ దాటాక కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ, భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ. సీసీఎంబీ కూడా ఇందాకటి రసాయన ప్రయోగశాలలోని జీవరసాయన విభాగం నుంచి 1977లో విడివడిందే. చెల్లికి కల అది. కిటికీలోంచి మెడ తిప్పి చూస్తూనే ఉంది. శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి సీఎస్ఐఆర్ నడిపే ఈ ప్రయోగశాలల్లో చేరితే పట్టా ఇచ్చేది ఏసీఎస్ఐఆర్ అనే సొంత విద్యాసంస్థ. జనవరికి, ఆగస్టుకు ఏడాదికి రెండుసార్లు ప్రకటన వస్తుంది. ఒక తలుపు మూసుకుందని ఏడాదంతా ఏడవనక్కర్లేదు. జీవశాస్త్రానికి తలుపులు ఇంకా ఉన్నాయి. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, అంటే డీబీటీ వాళ్లు బెట్ అని పరీక్ష పెడతారు. ముంబయి టాటా మౌలిక పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్, బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లకు ఉమ్మడి పరీక్ష వేరే ఉంది. విశ్వవిద్యాలయంలో మొదటి ర్యాంకు తెచ్చుకున్న వాళ్లకు కేంద్రం ఇచ్చే ఫెలోషిప్ ఇన్‌స్పైర్ ఉంది. చెల్లి రెండో ర్యాంకు. దానికి ఈ రెండో అంకె పట్టి పీడిస్తోంది.

ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్‌లో బాబాయి భూకంపాల గురించి అడిగారు. 1967 డిసెంబరులో మహారాష్ట్రలోని కోయనా జలాశయం దగ్గర వచ్చిన భూకంపం మీద ఇక్కడి వాళ్లు దశాబ్దాలుగా పనిచేస్తున్నారని చెప్పాను. ఒకరి పీహెచ్‌డీ ముగిసిన చోట ఇంకొకరిది మొదలవుతుంది. "మిల్లులో ఖాతా పుస్తకం ముందుకు తెచ్చినట్టు" అన్నారు. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

స్టేడియం స్టేషన్ దగ్గర కొడుకు గుర్తొచ్చాడు ఆయనకు. వాడు కెమికల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం. నెట్‌లో ఐదు సబ్జెక్టులే ఉంటాయి, ఇంజినీరింగ్ వాటిలో లేదు, వాడికి దారి గేట్ అనే ఇంజినీరింగ్ పరీక్ష అన్నాను. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఐఐఎస్‌సీ వంటి చోట్ల బీటెక్ మీదే నేరుగా ఇంజినీరింగ్ పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టవచ్చు. 2018లో ప్రకటించిన ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ అయితే మొదటి రెండేళ్లు నెలకు 70,000, మూడో ఏడు 75,000, తరువాత 80,000. నోటుబుక్కు మళ్లీ బయటికొచ్చింది. "వాడికి ముందు ఆ బ్యాక్‌లాగులు పోవాలి" అని చెల్లి అనగానే నోటుబుక్కు మళ్లీ జేబులోకి వెళ్లింది.

ఉప్పల్‌లో దిగాం. అక్కడ డీఎన్ఏ వేలిముద్రల సంస్థ సీడీఎఫ్‌డీ ఉంది. దాన్ని చూడడానికి బాబాయికి ఓపిక లేదు. టీ కావాలన్నారు.

టీ కొట్టు బల్ల మీద చెల్లి ఫోనులో శోధగంగ తెరిపించాను. దేశంలోని విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలకు, అంటే థీసిస్‌లకు అది గోదాము. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడుపుతుంది. ఎవరైనా ఊరికే చదువుకోవచ్చు. పిల్లలు దాన్ని పాత పరిశోధనలు వెతకడానికి వాడతారు. నేను సంబంధం విచారించడానికి వాడమంటాను. మీ పరిశోధనను నడిపిస్తారని మీరు అనుకుంటున్న గైడు పేరు కొట్టండి. ఆయన దగ్గర పూర్తిచేసిన వాళ్ల గ్రంథాలు వస్తాయి. వివరాల్లో నమోదైన తేదీ, ముగిసిన తేదీ తరచుగా ఉంటాయి. తీసివేయండి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. నలుగురిలో ముగ్గురు ఐదేళ్లలో ముగించి, ఒకరికి ఎనిమిదేళ్లు పడితే ఆ ఒకరికి ఇంట్లో ఏదో ఇబ్బంది వచ్చి ఉంటుంది. నలుగురికీ ఏడేళ్లు దాటితే ఇబ్బంది ఇంట్లోది కాదు.

"ఆడపిల్లలకు రెండేళ్లు ఎక్కువ ఇస్తారట కదా" అన్నారు బాబాయి, టీ గ్లాసులోకి చూస్తూ. ఇస్తారు. కాన్పుకు, పిల్లల పెంపకానికి 240 రోజుల దాకా సెలవు కూడా ఉంది. ఆ ప్రశ్న వెనుక ఏ మాట ఉందో ముగ్గురికీ తెలుసు. ఎవరమూ దాన్ని బయటికి లాగలేదు.

మధ్యలో వదిలేసి వెళ్లినవాళ్లు శోధగంగలో ఉండరు. వాళ్లను పట్టుకోవాలంటే ఆ ప్రయోగశాల వెబ్‌సైటులో పాత గ్రూపు ఫొటోలు చూడాలి. ఫొటోలో తొమ్మిది మంది స్కాలర్లు నవ్వుతూ ఉండి, ఆ తరువాతి ఏళ్లలో గ్రంథాలు నాలుగే వచ్చాయంటే, మిగతా ఐదుగురు ఏమయ్యారో కనుక్కోండి. వాళ్లలో ఒకరికైనా ఫోను చేయండి. అక్కడే ఉన్న మొదటి సంవత్సరం వాళ్లను మాత్రం అడగవద్దు, వాళ్లకు ఇంకా అంతా బాగానే ఉంటుంది. ఐదో సంవత్సరం వాళ్లను అడగండి, అదీ ప్రయోగశాలలో కాదు, బయట టీ దగ్గర.

ఇక అసలు సంగతి. గ్రంథంలో మొదటి అధ్యాయం కాదు, ముందు కృతజ్ఞతల పేజీ తెరవండి. అదంతా మర్యాద భాషే. అయినా మర్యాదలో మెట్లు ఉంటాయి. "పూర్తి స్వేచ్ఛ ఇచ్చారు" అని ఒక్కరు రాస్తే స్వేచ్ఛే. వరసగా ముగ్గురు అదే మాట రాశారంటే గైడుగారు ఊళ్లో ఉండరు. "క్రమశిక్షణ నేర్పారు" అని ఉంటే ఆదివారాలు కూడా రమ్మంటారు. గైడుకు రెండు పొడి వాక్యాలు, పక్క ప్రయోగశాల ఆచార్యులకు నిండు పేరా ఉన్నచోట ఆ విద్యార్థికి పని నేర్పింది ఎవరో అడగక్కర్లేదు. తోటివాళ్లను ముద్దుపేర్లతో తలుచుకున్నారా, లేక "సహ పరిశోధకులందరికీ" అని ఒక్క ముక్కలో కానిచ్చేశారా? గైడుగారి భార్య పెట్టిన భోజనాలు మూడు గ్రంథాల్లో కనబడితే, నా మాట విని ఇంకేమీ చూడకుండా దరఖాస్తు పెట్టండి.

ఇదంతా నాకు 2011లో తెలియదు. సంస్థ పేరు చూసి చేరాను. గైడు చెడ్డవారు కాదు, తీరికలేని వారు. నా మొదటి పరిశోధన పత్రం ఆయన బల్ల మీద పదకొండు నెలలు పడి ఉంది. మధ్యలో ఒకసారి దాని మీద టీ కప్పు పెట్టిన మచ్చ కూడా చూశాను. సిలికా గొట్టం నింపడం నాకు నేర్పింది గైడు కాదు, ఒక మలయాళీ సీనియరు. గాలిబుడగ చిక్కితే గొట్టాన్ని రబ్బరు ముక్కతో ఎక్కడ తట్టాలో కూడా ఆవిడే చూపించింది. రెండో ఏడు నాకు ఫెలోషిప్ ఇచ్చే సంస్థ నుంచి ఏడు నెలలు డబ్బు రాలేదు. ఏదో కాగితం ఏదో బల్ల దగ్గర ఆగింది. హాస్టల్ మెస్ బకాయి నోటీసు బోర్డు మీద పేరుతో సహా వేశారు. అప్పుడు ఐదు నెలల పాటు నెలకు 5,000 పంపింది బాబాయి. నాన్నకు చెప్పవద్దన్నాను, చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో చెల్లి ఫోను వదల్లేదు. తనకు నచ్చిన ఇద్దరు గైడుల పేర్లు కొట్టి తేదీలు తీసివేస్తోంది. స్టేడియం స్టేషన్ దగ్గర ఉన్నట్టుండి "అక్కా, నీది దొరికింది" అంది. వద్దనేలోపే ఆ పేజీ తెరిచి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని బాబాయి కోసం తెలుగులోకి మార్చి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. గైడుగారికి ఒక నిండు పేరా. సంచాలకులకు రెండు వాక్యాలు. మలయాళీ సీనియరుకు ఒకటి. ఆపైన, సకాలంలో ఆర్థిక సహాయం అందించినందుకు ఫలానా సంస్థకు హృదయపూర్వక ధన్యవాదాలు.

"సకాలంలోనా?" అన్నారు బాబాయి.

ఆ వాక్యం నేను సీనియరు గ్రంథంలోంచి దించాను. అందరమూ దించుతాం.

చెల్లి చదువుతూనే ఉంది. అమ్మ, నాన్న, తమ్ముడు, హాస్టల్ గది స్నేహితురాలు, చివర వేంకటేశ్వరస్వామి. పేజీ అయిపోయింది. వెనక్కి జరిపి మళ్లీ చూసింది, ఏదైనా పేరు వదిలేశానేమోనని. నేను కిటికీ వైపు తిరిగాను. ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్‌లో తలుపులు తెరుచుకుని మూసుకున్నాయి.

"నాకు సరిగ్గా గుర్తు" అన్నారు బాబాయి. "ఎరియర్సు పడగానే ఇరవై ఐదు వేలూ ఒక్కసారే ఇచ్చేశావు. ఆ పద్దు అప్పుడే కొట్టేశాను." ఫైలు జిప్పు సరిగ్గా పడిందో లేదో చూసి, లేచి నిలబడ్డారు. "హబ్సిగూడ మనదేగా?"